చేసే పనికి కూలి ఏది?

తిరుత్తణి చుట్టుపక్కల ఏ ఊళ్ళోనైనా పొద్దున్నే ఆరింటికి వీధిలోకి వచ్చి నిలబడండి. కొళాయి దగ్గర రెండు మూడు ఇళ్ళకు బిందెలు మోస్తున్న కుర్రాడొకడు కనబడతాడు. పాతికేళ్ళు ఉంటాయి. టీ అంగడి ముందు చిమ్మి నీళ్ళు చల్లేది వాడే. ఖాళీ గ్లాసులు ఏరి కడిగేది వాడే. ముహూర్తాల రోజుల్లో కల్యాణ మంటపంలో కుర్చీలు దించుతాడు, వెనకవైపు ఎంగిలాకులు ఎత్తుతాడు. ఒక టీ, ఒక బన్ను, పండగనాడు ఎవరిదో పాత చొక్కా. వాడికి ముట్టేది అంతే. వాడి సంగతేమిటని అడగండి. "వానికేం తెలుస్తాదన్నా పాపం, బుర్ర ఎదగల్యా. వాడేం పని జేస్తాడు? ఇంత అన్నం పెడితే తిని ఉంటాడు" అంటారు. ఆ మాట అనేది ఆ పొద్దు వాడు మోసుకొచ్చిన నీళ్ళతో మొహం కడుక్కున్నవాళ్ళే.

నేను ఖండించదలచింది ఆ మాటనే. అది దుర్మార్గుల మాటైతే ఇంత రాయాల్సిన పని ఉండేది కాదు. అమ్మలు అంటారు, పంతుళ్ళు అంటారు, డాక్టర్లు అంటారు, భత్యం కాగితం మీద సంతకం పెట్టే అధికారులూ అంటారు. జాలితో అంటారు. జాలితో అన్న మాటను ఎదిరించడానికి ఎవరికీ నోరు రాదు, అందుకే అది తరాలుగా నిలబడిపోయింది. మేధో వైకల్యం ఉన్నవాళ్ళు పని చేయలేరు, కాబట్టి కూర్చోబెట్టి అన్నం పెట్టడమే మన ధర్మం అన్నది దాని సారం. నేను చెప్పదలచింది ఒక్కటే. వాళ్ళు ఇప్పటికే పని చేస్తున్నారు. వాళ్ళకు లేనిది కూలి. "చేతకాదు" అన్న మాట నిలబడి ఉన్నంతకాలం ఆ కూలి ఎగ్గొట్టినట్టు ఎవరికీ అనిపించదు.

ముందు పేర్లు తేల్చుకుందాం. అభ్యసన వైకల్యం అని మనం వాడే మాటలో రెండు వేర్వేరు స్థితులు కలిసిపోయాయి. అక్షరాలు తారుమారుగా తోచే డిస్లెక్సియా వంటిది ఒకటి. ఆ పిల్లల తెలివికి లోటుండదు, చదవడం రాయడం దగ్గరే చిక్కు. రెండోది మేధో వైకల్యం. పాత పుస్తకాల్లో బుద్ధిమాంద్యం అని రాసేవారు. కొత్త సంగతి నేర్చుకోవడానికి వీళ్ళకు ఎక్కువ కాలం పడుతుంది, ఎక్కువసార్లు చూపించాల్సి వస్తుంది. నేను మాట్లాడేది వీళ్ళ గురించి. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ఇలాంటివారు 15 లక్షలకు పైగా తేలారు. ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉందని లెక్క రాసుకునేవాళ్ళకు చెప్పడానికే సిగ్గుపడే దేశంలో ఇది తక్కువ లెక్కే అయి ఉండాలి.

ఇంకో చిన్న సంగతి. ఇప్పటిదాకా నేనూ "వాడు" అనే రాశాను, ఊరు అలాగే అంటుంది గనుక. ఆ కుర్రాడి తమ్ముడు శ్రీపెరుంబుదూరు కంపెనీలో చేరి మొదటి జీతం తెచ్చిన నెల నుంచి వీధిలో అందరికీ "అతను" అవుతాడు, పెళ్ళయ్యాక "ఆయన" అవుతాడు. అన్న మాత్రం నలభై ఏళ్ళు వచ్చినా "వాడు"గానే ఉండిపోతాడు. ఆడపిల్లయితే "అది". తెలుగులో మనిషి విలువ సర్వనామంలో తెలిసిపోతుంది. ఇక్కడి నుంచి నేను "అతను" అంటాను.

ఇక వాదానికి వద్దాం. అతనికి పని చేతకాదనేవాళ్ళు మొదట చూపించేది సర్టిఫికెట్టు. "75 శాతం అని డాక్టర్లే రాసిచ్చినారు కదా" అంటారు. ఆ అంకె ఎలా పుడుతుందో చూడండి. మనస్తత్వ నిపుణులు తెలివితేటల పరీక్ష పెడతారు, సామాజిక పరిపక్వతను కొలిచే వైన్‌ల్యాండ్ కొలమానంతో తల్లిదండ్రులను ప్రశ్నలు అడుగుతారు. స్వల్ప స్థాయి అని తేలితే 50 శాతం, మధ్యస్థ స్థాయికి 75, తీవ్రానికి 90, అతి తీవ్రానికి 100 శాతం రాస్తారు. భత్యానికీ, బస్సు పాసుకూ, రాయితీలకూ ఎవరు అర్హులో విడదీయడానికి పెట్టుకున్న గీతలు ఇవి. 75 శాతం అని ఉంటే అతని చేతుల్లో పాతిక వంతు పనే మిగిలిందని అర్థం కాదు. బియ్యం ఏరడంలోనో బట్టలు మడవడంలోనో అతనెంత నేర్పరో ఆ కాగితానికి తెలియదు, తెలుసుకోవడం దాని పని కూడా కాదు.

అంతకన్నా పెద్ద చిక్కు ఆ ప్రశ్నల్లో ఉంది. ఒంటరిగా వీధిలోకి వెళ్ళి వస్తాడా, చిన్న చిన్న సరుకులు కొనుక్కొస్తాడా, డబ్బు చేతికిచ్చి నమ్మవచ్చా అని ఆ కొలమానం అడుగుతుంది. పుట్టినప్పటి నుంచి గడప దాటనివ్వని బిడ్డ గురించి, పది రూపాయల నోటు కూడా చేతికివ్వని బిడ్డ గురించి ఈ ప్రశ్నలు అడిగితే తల్లి ఏం చెబుతుంది? "లేదు" అంటుంది. ఆ "లేదు" అంతా అతని ఖాతాలో పడుతుంది. మనం పంపలేదు అన్నది అతను వెళ్ళలేడు అని మారిపోతుంది. ఆ కాగితం చూపించి మళ్ళీ ఇంట్లోనే ఉంచుతాం.

మన వైపు దీనికి ఇంకొక మెలిక కూడా ఉంది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది. ఇళ్ళల్లో తెలుగు మారలేదు. మామూలు పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం అవలీలగా ఈదేస్తారు. మేధో వైకల్యం ఉన్న బిడ్డకు ఒక్క భాషే కష్టపడి పట్టుబడుతుంది. ఇంట్లో "తియ్యి", "పెట్టు" అని నేర్చుకున్నవాణ్ణి "ఎడు", "వై" అంటే తడుముకుంటాడు. తమిళంలో పెట్టిన పరీక్షలో అతను తడుముకున్నది భాష దగ్గరా, బుద్ధి దగ్గరా అని అడిగే ఓపిక ఎంతమందికి ఉంటుంది? అమ్మ మాటలో అడిగిచూడకుండా ఏ బిడ్డకూ చేతకాదని తీర్పు చెప్పే హక్కు ఎవరికీ లేదు.

రెండో వాదం కాస్త మర్యాదగా ఉంటుంది. "వద్దనడం లేదు. ముందు శిక్షణ ఇద్దాం, బాగా నేర్చుకున్నాక పనిలో పెడదాం" అంటారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఈ "ముందు" ఎప్పటికీ ముగియదు. కొవ్వొత్తులు, కాగితపు సంచులు, ప్రమిదలు. పద్దెనిమిదేళ్ళకు శిక్షణ కేంద్రంలో చేరినవాడు ముప్పై అయిదేళ్ళకూ అక్కడే శిక్షణ పొందుతూ ఉంటాడు. పదిహేడేళ్ళు నేర్చుకున్నది బయట ఎక్కడా అక్కరకు రాదు, ఎందుకంటే బయట ఎవరూ కాగితపు సంచి చేసేవాడి కోసం వెతకడం లేదు. పైగా మేధో వైకల్యం ఉన్నవారికి ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోటికి తీసుకువెళ్ళడమే అన్నిటికన్నా కష్టం. కేంద్రంలోని బల్ల మీద నేర్చుకున్న పనిని మెస్సులోని బల్ల మీద మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలి. అలాంటప్పుడు నేరుగా ఆ మెస్సులోనే నేర్పితే పోయేదేముంది?

ఇది నా ఊహ కాదు. 1970ల మొదట్లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మార్క్ గోల్డ్ అనే పరిశోధకుడు, ఇలాంటి కేంద్రాల్లో ఏళ్ళ తరబడి కాలక్షేపపు పనులు చేస్తున్న 64 మందిని తీసుకున్నాడు. మధ్యస్థ, తీవ్ర స్థాయి మేధో వైకల్యం ఉన్నవారు వాళ్ళు. ముక్కలు ముక్కలుగా ఉన్న సైకిల్ బ్రేకును బిగించడం నేర్పాడు. చదువుకున్నవాళ్ళు కూడా మొదటిసారి చూసి తికమకపడే పని అది. మాటలతో వివరించడం తగ్గించి, ముక్కలను వరసలో పెట్టి, ఏ వైపు పైకుండాలో రంగు పూసి గుర్తు పెట్టి, చేయి పట్టి చూపించాడు. నేర్చుకున్నారు. ఆయన పద్ధతికి పేరే "ఇంకో రకంగా చేసి చూడు". నేర్చుకునేవాడు తప్పు చేస్తే అతన్ని తప్పుపట్టకుండా ఆ మాట అనాలి. ఎంతకీ రాకపోతే నేర్పేవాడు తన నేర్పే తీరునే ఇంకో రకంగా మార్చుకోవాలి. భారం అంతా నేర్పేవాడి మీదే.

అక్కడి నుంచే "ముందు పనిలో పెట్టు, అక్కడే నేర్పు" అన్న పద్ధతి బలపడింది. 1986లో అమెరికా దాన్ని తన పునరావాస చట్టంలో చేర్చుకుంది. 1996లో సిన్సినాటి పిల్లల ఆసుపత్రి ఇంకో అడుగు ముందుకు వేసింది. అక్కడి అత్యవసర విభాగంలో సామాను అరలు, బుట్టలు ఎప్పటికప్పుడు నింపే పనిలో మనుషులు నిలవడం లేదు. వరస తప్పకుండా, జాగ్రత్తగా చేయాల్సిన పని అది. దాన్ని మేధో వైకల్యం ఉన్న యువతకు ఆసుపత్రిలోనే నేర్పించి అప్పగించారు. ఆ ఏర్పాటు ప్రాజెక్ట్ సెర్చ్ పేరుతో ఇతర దేశాలకు కూడా పాకింది. మన జిల్లాలోనే, తిరువళ్ళూరులో 2022 జనవరిలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. అక్కడ దుప్పట్లు మడవాలి, చీటీలు వార్డుకు చేర్చాలి, చేతి తొడుగుల డబ్బాలు నింపాలి. సర్టిఫికెట్టు కోసం పోయే అలాంటి చోటికే ఉద్యోగానికి కూడా ఎందుకు పోకూడదు?

పని నేర్పడం అంటే ఏమిటో మన ఊరి పనితోనే చూద్దాం. భోజనం మెస్సులో అరిటాకు వేయడం తీసుకోండి. మనకు అది ఒక పని. నేర్పేవాడికి ఆరేడు పనులు. కట్టలోంచి ఒక ఆకు తీయాలి, చిరిగిందేమో చూడాలి, తడిబట్టతో తుడవాలి, కొస తినేవాడి ఎడమచేతి వైపు వచ్చేలా పరచాలి, నీళ్ళ గ్లాసు పెట్టాలి, తరువాతి కుర్చీకి జరగాలి. అతను ప్రతిసారీ కొస దగ్గరే తడబడుతున్నాడనుకోండి. "ఎడమవైపు అని ఎన్నిసార్లు చెప్పాల్రా" అని కసురుకుంటే ఆ పూటతో అతని ఉద్యోగం అయిపోయినట్టే. బల్ల అంచున ఎడమవైపు ఒక ఎర్రచుక్క పెట్టి "కొస చుక్క మీదికి" అంటే నాలుగు రోజుల్లో చేయి తిరుగుతుంది. పదిహేను రూపాయల రంగుడబ్బాతో పోయే లోపాన్ని మనం జన్మలోపం అనేశాం.

పళ్ళిపట్టు, ఆర్.కె. పేట, పొదటూరుపేట వైపు మరమగ్గాల చప్పుడు వినపడని వీధులు తక్కువ. అక్కడ కండెలు చుట్టే పని ఉంది. ఖాళీ కండె తొడగడం, దారం కొస అందించి రెండు చుట్లు తిప్పడం, మీట వేయడం, నిండగానే ఆపడం, తీసి బుట్టలో పెట్టడం. "నిండింది" అని ఎలా తెలియాలి అన్నదొక్కటే కష్టం. అక్కడ ఒక గీత గీస్తే ఆ కష్టం తీరుతుంది. తిరిగే పట్టీకి కంచె కట్టాలి. అది ఇతని కోసమే కాదు, షెడ్డులో పనిచేసే అందరికీ కట్టవలసిందే. ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. మేధో వైకల్యం ఉన్నవారందరికీ ఒకే పని మళ్ళీ మళ్ళీ చేయడం ఇష్టం అని నేను అనడం లేదు. ఒకరికి మగ్గం చప్పుడు పడదు, ఒకరికి ఆ లయే హాయి. ఒకరికి పూలంగడి ముందు జనంతో మాట్లాడాలని ఉంటుంది, ఒకరికి జనమంటే భయం. ఎవరికేది నప్పుతుందో పక్కన ఉండి చూసి తెలుసుకోవాలి.

మూడో వాదం యజమానులది. "మేమేమన్నా ధర్మసత్రం నడుపుతున్నామా? నష్టం ఎవరు భరిస్తారు?" అంటారు. ప్రశ్న న్యాయమైనదే, జవాబు కూడా ఉంది. వికలాంగులను పనిలో పెట్టుకున్న ప్రైవేటు యజమాని కట్టాల్సిన ఈపీఎఫ్, ఈఎస్ఐ వాటాను కొన్నేళ్ళపాటు తానే కడతానని కేంద్రం 2008లోనే పథకం పెట్టింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 35వ సెక్షన్, ప్రైవేటు సంస్థల్లో కనీసం 5 శాతం మంది వికలాంగులు ఉండేలా ప్రోత్సాహకాలు ఇవ్వాలంటుంది. లెమన్ ట్రీ హోటళ్ళు 2007లో వినికిడి లేనివారిని చేర్చుకోవడంతో మొదలుపెట్టి, డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిని భోజనశాలల్లో నియమించుకునేదాకా వచ్చాయి. కర్ణాటకలో పుట్టిన మిట్టీ కేఫ్‌లో మేధో వైకల్యం ఉన్నవారు కూడా వంట చేస్తారు, వడ్డిస్తారు. ఆ కేఫ్ 2023 నవంబరులో సుప్రీంకోర్టు ప్రాంగణంలోనే తెరుచుకుంది. న్యాయవాదులకు కాఫీ అందించగలిగినవారు అరక్కోణం రోడ్డు మీద లారీ డ్రైవర్లకు అందించలేరా?

యజమానులను ఒప్పించాలని కొందరు మేలుకోరేవాళ్ళు ఇంకో మాట చెబుతుంటారు. "వీళ్ళు అబద్ధం ఆడరు, సెలవు అడగరు, ఇంకో కొట్టుకు పోరు" అని. దాన్నీ నేను ఒప్పుకోను. మంచితనం చూసి ఇచ్చిన ఉద్యోగం, ఒకరోజు విసుక్కుంటే పోతుంది. మిగతా పనివాళ్ళలాగే అతనికీ ఒంట్లో బాగాలేని రోజు ఉంటుంది, పని నచ్చక మానేయాలనిపించే రోజూ ఉంటుంది. ఆ రెండూ ఉండనిచ్చేదే ఉద్యోగం. సెలవు అడగని మనిషిని కోరుకునే యజమాని వెతుకుతున్నది పనివాణ్ణి కాదు, వెట్టివాణ్ణి.

వెట్టి అన్నాను కనుక తల్లుల భయం దగ్గరికి వస్తాను. అన్ని వాదాల్లోనూ బరువైనది అదే. "బయటికి పంపితే మోసం చేస్తారు, కొడతారు, ఆడపిల్లయితే ఏం జరుగుతుందో" అంటారు. ఈ జిల్లాలో ఆ భయాన్ని కొట్టిపారేయలేం. 2011లో తిరువళ్ళూరు జిల్లాలోని ఒక ఇటుకబట్టీ నుంచి 500 మందికి పైగా వెట్టికూలీలను విడిపించారు. ఏ వైకల్యమూ లేనివారినే బానిసలను చేసిన చోట, లెక్క తెలియని బిడ్డను ఎలా పంపుతాం? అమ్మా, మీ భయం నిజం. కానీ ఒక్కటి ఆలోచించండి. అతన్ని దోచుకుంటున్నది ఉద్యోగం కాదు. ఏ రిజిస్టరులోనూ పేరు లేకుండా, ఏ కూలీ మాట్లాడుకోకుండా, వీధిలో అందరికీ ఊరికే చేసిపెట్టే చాకిరీలోనే దోపిడీ ఉంది. పేరు రాసుకున్న పని, బ్యాంకులో పడే జీతం, నెలకోసారి వచ్చి అడిగే మనిషి, ఇవి ఉన్నచోటే రక్షణ ఉంటుంది. ఇంకొకటి కూడా. మీరు ఉన్నంతకాలం మీరు పెడతారు. మీ తరువాత? అన్నదమ్ముల ఇంట్లో ఒక మూల దొరుకుతుంది, మాటలతో కలిపిన అన్నం దొరుకుతుంది. నెలకింత సంపాదించి తెచ్చే అన్నను ఏ తమ్ముడూ మరదలూ భారం అనరు.

చివరి వాదం ప్రభుత్వాలది. "భత్యం ఇస్తున్నాం కదా" అంటాయి. తమిళనాడు మేధో వైకల్యం ఉన్నవారికి నెలకు 2,000 రూపాయలు ఇస్తోంది. రైలెక్కి నగరిలో దిగితే ఆంధ్రప్రదేశ్, అక్కడ 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను 6,000. ఒకే భాష, ఒకే తీరు కుటుంబాలు, నడుమ ఒక ఎల్లగీత, మూడింతల తేడా. తమిళనాడు పెంచాలి, అందులో సందేహం లేదు. అయినా ఆరు వేలు వచ్చినా పదివేలు వచ్చినా అది కూలికి బదులు కాదు. వైకల్యం వల్ల అయ్యే అదనపు ఖర్చుకు సమాజం ఇచ్చేది భత్యం. మనిషి చేసిన పనికి ఇచ్చేది కూలి. మొదటిది ఇస్తున్నాం కనుక రెండోది అక్కరలేదనడం, రేషను బియ్యం ఇస్తున్నాం కనుక చేనికూలి ఎందుకని అడగడంతో సమానం. పనిలో చేరితే భత్యం తీసేస్తారేమోనని ఎన్నో ఇళ్ళల్లో వచ్చిన ఉద్యోగాన్నే వద్దనుకుంటున్నారు. పనిలో చేరినా ఫలానా కాలం వరకు భత్యం ఆగదని ప్రభుత్వం తమిళంలోనూ తెలుగులోనూ కాగితం మీద రాసి ఇవ్వాలి.

చట్టాలు కూడా చాలాకాలం ఆ వీధి మాటనే పలికాయి. 1948 కనీస వేతనాల చట్టం 26వ సెక్షన్, వికలాంగ కార్మికుల కూలికి ఈ చట్టం వర్తించదని ప్రకటించే అధికారాన్ని ప్రభుత్వాలకు ఇచ్చింది. 1995 వికలాంగుల చట్టం ప్రభుత్వోద్యోగాల్లో 3 శాతం కేటాయించింది. చూపు లేనివారికి ఒకటి, వినికిడి లేనివారికి ఒకటి, కాళ్ళు చేతుల వైకల్యం ఉన్నవారికి ఒకటి. బుద్ధిమాంద్యాన్ని వైకల్యాల జాబితాలో చేర్చి, ఉద్యోగాల దగ్గర వదిలేసింది. వీళ్ళూ వికలాంగులే, కానీ వీళ్ళకు ఉద్యోగం ఎందుకు అని పార్లమెంటే అన్నట్టు. పైన చెప్పిన 2016 చట్టం 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చేదాకా రెండు దశాబ్దాలు అలాగే గడిచింది. ఇప్పుడు 4 శాతంలో ఒక శాతం ఆటిజం, మేధో వైకల్యం, డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు, ఇన్నిటికీ కలిపి. అందులోనూ దారి రాతపరీక్ష గుండానే. చదవడమే కష్టమైనవారిని చదివి గెలవమంటే ఆ ఒక్క శాతంలో వాళ్ళకు ఏం మిగులుతుంది? ఊడ్చే పనికి, వడ్డించే పనికి, ఫైళ్ళు మోసే పనికి రాతపరీక్ష ఎందుకు? వారంరోజులు ఆ పనే చేయించి చూసి తీసుకుంటే సరిపోదా? మనిషికి తగ్గట్టు ఏర్పాట్లు సవరించి ఇవ్వడం ప్రభుత్వ కార్యాలయాల బాధ్యత అని 2016 చట్టం 20వ సెక్షన్‌లోనే ఉంది.

పని సవరించడం మనకు చేతకానిదేమీ కాదు. నూరు రోజుల పనిలో వికలాంగులకు నాలుగు గంటల పనికి పూర్తి కూలి ఇవ్వాలని తమిళనాడు 2012లోనే ఉత్తర్వు ఇచ్చింది. చెరువు పని దగ్గర తాగునీళ్ళు అందించడం, పిల్లల్ని చూసుకోవడం వంటి పనులు వాళ్ళకు అప్పగించవచ్చని ఒప్పుకున్న ప్రభుత్వమే ఇది. చెరువుగట్టు మీద సాధ్యమైనది పట్నంలోని ఆఫీసులో, కంపెనీలో ఎందుకు సాధ్యం కాదు?

ఇక అన్నిటికన్నా తక్కువగా మాట్లాడుకునేది ఉద్యోగం దొరికిన తరువాతి సంగతి. పనిలో చేరిన రోజు ఫొటో తీస్తారు. ఆరునెలల తరువాత అతను ఇంట్లో ఉంటాడు. "చెప్పలా, వానికి చేతగాదని" అంటారు. ఎందుకు మానేశాడని ఎవరూ వెతకరు. వెతికితే పని రాకపోవడం అరుదుగా కనబడుతుంది. రోజూ ఎక్కే బస్సు వేళ మారింది. ఓపికగా చూసుకునే మేస్త్రీ వెళ్ళిపోయి కొత్త మేస్త్రీ వచ్చాడు. పక్కవాళ్ళు ఎగతాళి చేశారు, అతనికి కోపం వచ్చింది, ఆ కోపమే అందరికీ కనబడింది. ఆడికృత్తిక కావళ్ళ జనంలో ఒక్కరోజు మూడు కొత్త పనులు ఒకేసారి చెప్పారు. ఇంట్లో అమ్మకు జ్వరమొచ్చి క్యారియరు కట్టేవాళ్ళు లేరు. ఇవన్నీ పక్కన ఒక మనిషి ఉంటే సగం పూటలో సరిచేయగలిగినవే.

ఆ మనిషినే జాబ్ కోచ్ అంటారు. మన మాటలో పనిలో తోడు. మొదటి వారాలు పక్కనే నిలబడి నేర్పుతాడు. తరువాత రోజు మార్చి రోజు, ఆ తరువాత వారానికోసారి, చివరికి నెలకోసారి ఫోను. కానీ పూర్తిగా మాయం కాడు. బస్సు వేళ మారితే కొత్త బస్సు ఎక్కించి చూపిస్తాడు, కొత్త మేస్త్రీతో కూర్చుని మాట్లాడతాడు. తిరుత్తణిలో ఆ తోడుకు తమిళంతో పాటు తెలుగు రావాలి. వైకల్యం ఉన్నవారి కోసం ముట్టుకాడులో 2005లో వచ్చిన జాతీయ సంస్థ ఉంది, సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఇంకొకటి ఉంది. ఒకటి తమిళ నేల మీద, ఒకటి తెలుగు నేల మీద. ఈ రెండూ కలిసి రెండు భాషలూ వచ్చిన తోడుల్ని ఈ ఎల్ల ప్రాంతానికి తయారు చేయాలి. ఇంటర్ చదివి ఖాళీగా ఉన్న యువతీయువకులు మన ఊళ్ళల్లో ఎందరో. వాళ్ళకూ అది ఉద్యోగమే.

చివరిగా డబ్బు. జీతం ఎవరి చేతికి అని అడిగితే "వానికి లెక్క తెలీదు, మాకే ఇవ్వండి" అంటారు. ఇక్కడ నేను రాజీపడను. జీతం అతని పేరున ఉన్న ఖాతాలో పడాలి, అందులో కొంతైనా నోటుగా అతని చేతికి రావాలి. తన డబ్బు వ్యవహారం తాను చూసుకునే హక్కు 2016 చట్టం 13వ సెక్షన్ ఇచ్చింది, సాయం కావాలంటే సాయం తీసుకునే వీలూ ఇచ్చింది. లెక్క రాకపోయినా రంగు తెలుస్తుంది. ఊదారంగు నోటు వంద, పసుప్పచ్చది రెండు వందలు. ఊదారంగుది ఇస్తే టిఫిను వస్తుంది, మిగిలింది అడిగి తీసుకోవాలని నేర్పితే అంతవరకు చాలు. ఒకసారి మోసపోతాడు. మనమంతా మోసపోయే నేర్చుకున్నాం.

తిరుత్తణి కొండ మీద సుబ్రహ్మణ్యస్వామి గుడిలో 2021 సెప్టెంబరు నుంచి రోజంతా అన్నదానం జరుగుతోంది. పొద్దున్నుంచి రాత్రి దాకా పంక్తి ఆగదు. కూరగాయలు తరగాలి, ఆకులు వేయాలి, నీళ్ళు పోయాలి, బల్లలు తుడవాలి, గిన్నెలు కడగాలి. "ఇంత అన్నం పెడితే చాలు" అని మనం చెప్పే మాటకు ఇంతకన్నా పెద్ద రూపం ఈ చుట్టుపక్కల లేదు. ఆ పంక్తిలో కూర్చుని తినడానికి మన కుర్రాణ్ణి ఎవరూ అడ్డుకోరు. నేను అడిగేది, ఆకు ఇవతలి వైపు అతనికి ఒక చోటు ఇవ్వమని. బల్ల అంచున ఒక ఎర్రచుక్క పెట్టండి. తెలుగు వచ్చిన ఒక తోడును మొదటి నెల పక్కన నిలబెట్టండి. హాజరుపట్టీలో పేరు రాయండి, మిగతా పనివాళ్ళకిచ్చే కూలే నెలాఖరున ఖాతాలో వేయండి. గుడిలో మొదలుపెడితే మెస్సులు చూస్తాయి, మగ్గాల షెడ్లు చూస్తాయి, ఆసుపత్రి చూస్తుంది.

ఆ నెల జీతంలోంచి ఒక ఊదారంగు నోటు తీసుకుని అతను టీ అంగడికి వెళ్ళి కూర్చుంటాడు. గ్లాసులు కడగడానికి పోడు, టీ అడుగుతాడు. అంగడివాడు టీ ఇచ్చి చిల్లర లెక్కపెట్టి చేతిలో పెడతాడు. అతను వెళ్ళిపోయాక పక్కవాళ్ళతో అతని గురించి మాట్లాడేటప్పుడు ఏ సర్వనామం వాడతాడో, అదే ఈ వాదానికి తీర్పు.